పచ్చదనానికి లెక్క కట్టిన వందేళ్లు

ఢిల్లీలో కరోల్‌బాగ్ దాటి కాస్త ముందుకు వెళ్తే 500 హెక్టార్ల ప్రాంగణంలో పొలాలున్నాయంటే కొత్తవాళ్లు నమ్మరు. మెట్రో పట్టాలు, ఫ్లైఓవర్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకవైపు, జనవరిలో మోకాలెత్తు గోధుమ ఇంకోవైపు. భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ అది, నగరం నోట ‘పూసా’. 1905లో బీహార్‌లోని పూసాలో పుట్టింది. 1934 జనవరి భూకంపానికి అక్కడి భవనం కూలిపోతే 1936లో ఢిల్లీకి మారింది, వస్తూ వస్తూ ఊరి పేరు కూడా వెంట తెచ్చుకుంది.

చలికాలంలో పొగమంచు విడి ఎండ కాసిన రోజున, పది దాటాక ఈ మళ్లలో ఒక పని జరుగుతుంది. పరిశోధక విద్యార్థి ముదురు రంగు బట్టలు వేసుకుని, వీపున స్పెక్ట్రోరేడియోమీటర్ పెట్టె తగిలించుకుని గట్టు దిగుతాడు. ముందుగా ఒక తెల్ల పలక మీదికి పరికరాన్ని గురిపెడతాడు. తన మీద పడ్డ వెలుగును దాదాపు మొత్తంగా తిప్పికొట్టే పలక కాబట్టి, ఆ క్షణాన ఎండ ఎంతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ వెంటనే పైరు మీదికి తిప్పుతాడు. పైరుకు మీటరు ఎత్తులో నిటారుగా పట్టుకుంటే, 25 డిగ్రీల మేర చూసే పరికరానికి కనిపించేది 44 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి జాగా మాత్రమే. ముదురు బట్టలు ఎందుకంటే, తెల్ల చొక్కా మీంచి తిరిగే వెలుగు పైరు మీద పడినా లెక్క చెడుతుంది. మబ్బు తునక అడ్డొచ్చిందా, మళ్లీ పలక దగ్గరికే. మధ్యాహ్నం రెండు దాటితే సూర్యుడు వాలతాడు కాబట్టి ఆ రోజుకు పని ముగిసినట్టే.

అతను కొలుస్తున్నది ఆకు వద్దనుకుని వెనక్కి పంపిన వెలుగును. ఆకు ఎర్ర వెలుగును మింగేస్తుంది, పత్రహరితానికి అదే మేత. ఎరుపుకు అవతల, కంటికి ఆనని సమీప పరారుణ కాంతిని మాత్రం సగానికి సగం తిప్పికొడుతుంది. దానికి పత్రహరితంతో సంబంధం లేదు. ఆకు లోపలి కణాలు, వాటి మధ్య గాలి నిండిన ఖాళీలు కలిసి ఆ కాంతిని చెదరగొడతాయి. పైరు కమ్ముకునేకొద్దీ తిరిగొచ్చే ఎరుపు తగ్గుతుంది, పరారుణం పెరుగుతుంది. పైరుకు నత్రజని చాలకపోయినా, తెగులు సోకినా, నీరందకపోయినా ఆ రెండింటి ఎడం తగ్గుతుంది. వట్టి నేల దగ్గర అసలు ఎడమే అంతంతమాత్రం. ఈ శాస్త్రం మొత్తం ఆ ఎడం మీద నిలబడింది.

ఆ ఎడాన్ని మొదట లోకానికి చూపించింది పంటల మనిషి కాదు. రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1910లో పరారుణ ఛాయాచిత్రాలు ప్రచురించాడు. వాటిలో ఆకాశం నల్లగా, చెట్లు మంచు కప్పినట్టు తెల్లగా ఉన్నాయి. జనం వాటిని వింత బొమ్మలుగా చూశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ వింతకు పని దొరికింది. ఆకుపచ్చ రంగు పూసిన గుడారం, నరికిన కొమ్మలు కప్పిన ట్యాంకు మామూలు ఫొటోలో చెట్లలో కలిసిపోతాయి గానీ పరారుణ ఫిలిం మీద దొరికిపోతాయి. శత్రువు మాటు పట్టడానికి చేసిన ఫిలింను పైరు జబ్బు పట్టడానికి వాడొచ్చని రాబర్ట్ కాల్వెల్ 1956లో తృణధాన్యాల తెగుళ్ల మీద రాసిన పరిశోధనలో చూపించాడు.

మన దేశంలో ఈ కథ కొబ్బరి చెట్టుతో మొదలైంది. కేరళ తోటలను వేరు వడలు తెగులు తినేస్తుంటే, 1970 ప్రాంతంలో పిషారత్ రామ పిషారోటి బృందం హెలికాప్టర్ ఎక్కి, హాసెల్‌బ్లాడ్ కెమెరాలో పరారుణ ఫిలిం పెట్టి పైనుంచి తోటల్ని ఫొటోలు తీసింది. తెగులు సోకిన చెట్లు ఆ ఫొటోల్లో వేరుగా తేలాయి. భారత దూరసంవేదన (రిమోట్ సెన్సింగ్) శాస్త్రానికి పిషారోటిని పితామహుడిగా చెప్పుకోవడం అక్కణ్నుంచి మొదలు. ఆ పనిలో పూసా వ్యవసాయ భౌతికశాస్త్ర విభాగానికి చెందిన సి. దక్షిణామూర్తి భాగస్వామి. 1962లో ఏర్పడిన ఆ విభాగం అప్పటికి మట్టి తేమ, మట్టి గుల్లదనం కొలుచుకుంటూ ఉండేది. నేల భౌతికశాస్త్రం చదివినవాళ్లు ఆకాశం వైపు చూడటం అప్పట్లో చిన్న విషయం కాదు.

తర్వాతి అడుగు మన గడప మీదే పడింది. 1970ల మధ్యలో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి ‘అరైజ్’ అనే సర్వే ప్రయోగం చేశాయి. విమానం నుంచి పరారుణ రంగుల ఫొటోలు తీసి పంటల్ని గుర్తుపట్టడం ఉద్దేశం. ఎంచుకున్న జిల్లాలు రెండు. ఒకటి పంజాబ్‌లోని పటియాలా, రెండోది అనంతపురం. కాలువ, బోరు నీళ్లతో ఎటు చూసినా ఒకే పచ్చగా ఉండే గోధుమ సీమ ఒకటైతే, రెండు వానల మధ్య బిక్కుబిక్కుమనే వేరుశెనగ సీమ ఇంకొకటి. ఎవరు ఎంచారో గానీ తెలివిగా ఎంచారు. పలచని పైరులో ఎర్రమట్టి వెలుగు, ఆకు వెలుగు కలిసిపోయి లెక్క తారుమారు కావడమన్నది ఇప్పటికీ ఈ శాస్త్రానికి తీరని తలనొప్పి. ఆ నొప్పి ఎలా ఉంటుందో అనంతపురం చేలు చూపినట్టు పటియాలా చేలు ఎన్నటికీ చూపలేవు. అదే కాలంలో, 1974లో, జాతీయ దూరసంవేదన సంస్థ హైదరాబాద్‌లో వెలిసింది. షాద్‌నగర్ దగ్గరి భూకేంద్రం 1979 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు అందుకోసాగింది.

ల్యాండ్‌శాట్ మొదటిది 1972 జులై 23న పైకి వెళ్లింది. మరుసటి ఏడాదే టెక్సస్‌లో గడ్డి మైదానాల పచ్చదనం లెక్కగడుతున్న రౌస్ బృందం ఒక సూత్రం ప్రచారంలోకి తెచ్చింది. పరారుణం నుంచి ఎరుపు తీసేసి, ఆ తేడాను రెండింటి మొత్తంతో భాగించాలి. ఎన్‌డీవీఐ అంటే ఇంతే. వట్టి నేలకు 0.1, 0.2 దగ్గర, పొట్ట మీదున్న గోధుమకు 0.8 పైన వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు చేయగల ఈ భాగహారం మీద యాభై ఏళ్లుగా ఎన్ని డాక్టరేట్లు వచ్చాయో లెక్కలేదు. దీని లోపం కూడా అంత సూటిగానే ఉంటుంది. పైరు నేలను పూర్తిగా కప్పేశాక ఈ సంఖ్య ఇక కదలదు. మంచి పైరుకూ మరీ మంచి పైరుకూ తేడా చెప్పలేదు. అందుకే తర్వాతివాళ్లు ఎరుపుకూ పరారుణానికీ మధ్య, 680 నుంచి 740 నానోమీటర్ల దాకా వెలుగు నిట్టనిలువునా లేచే అంచు మీద కన్నేశారు. పత్రహరితం తగ్గితే ఆ అంచు పొట్టి తరంగాల వైపు జరుగుతుంది. పూసా పొలంలో విద్యార్థి వీపున మోసేంత బరువు పెట్టె అవసరమైంది ఆ కాస్త జరుగుబాటును పట్టుకోవడానికే.

ఉపగ్రహం మీద ఆశ పెట్టుకున్న దేశాలు రైతు కోసం పెట్టుకోలేదు. 1972లో సోవియట్ యూనియన్ చడీచప్పుడు లేకుండా అమెరికా గోధుమను కొనుక్కుపోయింది. ఆ దెబ్బకు పరాయి దేశపు పంటను పైనుంచే అంచనా వేయాలని అమెరికా 1974లో ‘లేసీ’ అనే పథకం మొదలుపెట్టింది. 1977లో సోవియట్ గోధుమ పండలేదని వాళ్లు ఒప్పుకోకముందే చెప్పగలిగింది. ధాన్యం ఎంతొస్తుందో అందరికంటే ముందు తెలుసుకోవాలన్న కోరికే ఈ పరికరాలకు డబ్బు తెచ్చింది.

మన దగ్గరా అంతే. ధాన్యం లెక్క ఢిల్లీకి పాత వ్యసనం. 1930ల చివర బెంగాల్ జనపనార మీద సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ నమూనా సర్వేలు చేశాడు. 1940లలో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన మండలి నుంచి మరో సంఖ్యాశాస్త్రవేత్త సుఖాత్మే గోధుమ, వరి కోత ప్రయోగాలు నడిపాడు. ఇద్దరికీ పడలేదు. మహలనోబిస్ చిన్న వలయంలో కోస్తే చాలన్నాడు. చిన్న జాగా కోసేటప్పుడు అంచున ఉన్న మొక్కను లోపలికి లాక్కునే చెయ్యి ఆగదని, దిగుబడి ఎక్కువ పలుకుతుందని సుఖాత్మే వాదించాడు. పెద్ద జాగాయే నిలిచింది. ఈ రోజుకీ ఉత్తరప్రదేశ్ వైపు రాజధాని ప్రాంత (ఎన్‌సీఆర్) జిల్లాల్లో, ఘజియాబాద్‌లోనో బులంద్‌షహర్‌లోనో, పది మీటర్ల భుజంతో సమబాహు త్రిభుజం గీసి గోధుమ కోసి తూకం వేస్తారు. మన వరి మడిలో అయితే ఐదు మీటర్ల చదరం. తాడు, మేకులు, కొడవలి, తక్కెడ. ఆకాశంలో ఎంత ఖరీదైన కన్ను పెట్టినా, అది నిజం చెబుతోందో లేదో తేల్చేది ఈ తక్కెడే.

1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఏ బైకనూర్ నుంచి ఎగిరింది. దాని మొదటి కెమెరాలో ఒక చుక్క 72.5 మీటర్ల చదరం, అంటే ఎకరం మీద 30 సెంట్లు. ఇప్పటి సగటు భారతీయ కమతంలో సగాన్ని ఒక్క చుక్క మింగేస్తుంది. గోధుమ, ఆవాలు, చెరకు పక్కపక్కనే ఉండే మీరట్ చేలల్లో ఆ చుక్క ఎవరిది? కాబట్టి పై లెక్కను సరిచూడ్డానికి కింద మనిషి కావలసి వచ్చాడు. హైదరాబాద్‌లోని ఆప్టోమెక్ అనే సంస్థ చేసిన గ్రౌండ్ ట్రూత్ రేడియోమీటర్ దేశంలోని వ్యవసాయ కళాశాలలకు అలా చేరింది. చేత్తో పట్టుకుని గట్ల మీద నడుస్తూ పైరు వెలుగు కొలిచే సాధనం అది. గోధుమ, వరి పంటల విస్తీర్ణాన్ని ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేసే పథకం జిల్లాల స్థాయిలో మొదలై 2006లో ‘ఫసల్’గా విస్తరించింది. దాన్ని నడిపే కేంద్రం 2012లో పూసా ప్రాంగణంలోనే తెరుచుకుంది. పేరు మహలనోబిస్ జాతీయ పంట అంచనాల కేంద్రం. సుఖాత్మే పేరు పెట్టి ఉంటే పూసాకు ఇంకా నప్పేదని నాకనిపిస్తుంది గానీ, పేర్లు పెట్టేవాళ్ల లెక్కలు వేరు.

ఇదంతా లెక్క రాసుకునేవాడి కథ. చేలో నిలబడ్డవాడి కథ ఇంకో దారిన నడిచింది, అది యూరియాతో మొదలవుతుంది.

1960ల ముందు గోధుమ పొడుగు పైరు. ఎరువు ఎక్కువైతే కంకి బరువుకు పడిపోయేది. మెక్సికో పొట్టి రకాలు వచ్చాక ఆ భయం పోయింది. ఢిల్లీ వాయవ్య అంచున ఉన్న జౌంతీ గ్రామాన్ని పూసా విత్తన గ్రామంగా మలిచింది. 1968లో గోధుమ విప్లవం పేరిట ఇందిరా గాంధీ తపాలా బిళ్ల విడుదల చేస్తే, అందులో గోధుమతో పాటు పూసా గ్రంథాలయ భవనం ఉంది. ఆ రోజుల్లో వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్‌తో పాటు పనిచేసి, దేశవ్యాప్త గోధుమ పథకాన్ని నడిపిన మంగిన వెంకటేశ్వరరావుది పశ్చిమ గోదావరి పేరుపాలెం. ముప్పూటలా అన్నం తినే సముద్రపు ఒడ్డు నుంచి వెళ్లి ఉత్తరాది రొట్టెకు కాపు కాసిన మనిషి. పొట్టి గోధుమకు సిఫార్సు హెక్టారుకు 120 కిలోల నత్రజని దగ్గర స్థిరపడింది. అందరి నేలకూ ఒకటే మోతాదు. కొంత విత్తేటప్పుడు, మిగతాది 21వ రోజు చుట్టూ ఇచ్చే తొలి తడి నుంచి పైపాటుగా. అందులో పైరుకు ఎంత అందుతోంది? ప్రపంచవ్యాప్తంగా తృణధాన్యాలకు వేసిన నత్రజనిలో గింజకు చేరేది 33 శాతమేనని రాన్, జాన్సన్ 1999లో లెక్కతేల్చారు. మిగిలింది నీళ్లలోకి, గాలిలోకి.

పైరు కడుపు నిండిందో లేదో ఆకు రంగు చెబుతుందని ఏ రైతుకైనా తెలుసు. చిక్కల్లా ఒకడి ముదురుపచ్చ ఇంకొకడి కంటికి లేతపచ్చ కావడం. దీనికి జపాన్‌వాళ్లు, ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఒక ప్లాస్టిక్ పట్టీ చేశారు. లేతపచ్చ నుంచి ముదురుపచ్చ దాకా నాలుగో ఆరో గడులు. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును తెంపకుండా పట్టీ మీద ఆనించి, ఎండ పడకుండా మన నీడలోనే ఉంచి పోల్చాలి. పది ఆకులు చూసి, ఆరు లేదా అంతకు మించి నిర్ణీత గడి కంటే పాలిపోయి ఉంటే యూరియా వేయాలి, లేకపోతే ఆగాలి. బ్యాటరీ లేదు, రిపేరు లేదు. లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం దీన్ని పంజాబ్ వరి పొలాలకు గట్టిగా సిఫార్సు చేసింది. ఈ వందేళ్లలో చిన్న రైతు చేతికి నిజంగా అందిన సాధనం ఏదంటే నేను ఈ పట్టీనే చూపిస్తాను.

పట్టీకి యంత్ర రూపం ఓక్లహోమా నుంచి వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయంలో విలియం రాన్, మార్విన్ స్టోన్, జాన్ సోలీ కలిసి చేసిన పనిలోంచి పుట్టిన సెన్సర్ గ్రీన్‌సీకర్ పేరుతో 2000ల మొదట్లో బజారులోకి వచ్చింది. దానికి సూర్యుడితో పని లేదు. తన ఎల్ఈడీల నుంచే ఎర్ర వెలుగు, పరారుణం పైరు మీద వేసి, తిరిగొచ్చినదాన్ని కొలిచి ఎన్‌డీవీఐ అంకె తెరమీద చూపుతుంది. ఢిల్లీ చుట్టుపక్కల దీని విలువ ఇంకో నాలుగింతలు. గోధుమకు పైపాటు వేసే డిసెంబర్, జనవరిలోనే ఇక్కడ పొగమంచు వారాల తరబడి ఎండను మింగేస్తుంది. ఎండ మీద బతికే పరికరం ఆ రోజుల్లో గూట్లో కూర్చోవాల్సిందే.

అంకె వచ్చాక దాన్ని బస్తాలుగా ఎలా మార్చాలి? రాన్ బృందం జవాబు చాలా తేలిక. చేలో ఒక పక్క సన్నటి పట్టెకు మొదటే నత్రజని పుష్కలంగా వేసేయాలి. అది ఆ చేనుకు కడుపునిండిన కొలత. పైపాటు వేళ పట్టె మీదా, మిగతా చేను మీదా సెన్సర్ నడిపించాలి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే నేలే తన వంతు ఇస్తోందని అర్థం, యూరియా తగ్గించవచ్చు. ఎడం పెద్దదైతే ఆ మేరకు వేయాలి. ఈ ఏడాది వాన, ఈ చేను మట్టి, ఈ రకం విత్తనం అన్నీ ఆ పట్టెలోనే ఉన్నాయి కాబట్టి వేరే పట్టికలు అక్కర్లేదు. లూధియానాలో బిజయ్ సింగ్ బృందం ఈ పద్ధతిని మన గోధుమకు సరిపోయేలా సవరించి, దిగుబడి తగ్గకుండా నత్రజని ఆదా అవుతుందని 2011లో ప్రచురించింది. ఆ దశకంలోనే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమ్మిట్ కర్నాల్ జిల్లా తరావడీ చుట్టుపక్కల ‘క్లైమేట్ స్మార్ట్’ గ్రామాల్లో గ్రీన్‌సీకర్‌ను రైతుల దగ్గరికి తీసుకెళ్లింది. ఆ కర్నాల్ ఇప్పుడు ఎన్‌సీఆర్‌లో భాగం.

అయినా చేలల్లో అది కనిపించదు. పరికరం ఖరీదన్న మాట నిజమే గానీ, ట్రాక్టరు, సూపర్ సీడర్ అద్దెకు తెచ్చుకునే ఊళ్లో సెన్సర్‌ను అద్దెకు తెచ్చుకోలేరా? అసలు సంగతి 45 కిలోల యూరియా బస్తా ధరలో ఉంది. రూ.266.50. ఏళ్ల తరబడి కదలని ఈ ధర దగ్గర, ఒక బస్తా ఎక్కువ వేస్తే పోయేదేముంది అనుకోవడంలో రైతు తప్పేమీ లేదు. బస్తా మిగిలితే ఆ లాభం సబ్సిడీ కట్టే ఖజానాది. బస్తా తగ్గి దిగుబడి పడితే ఆ నష్టం అతనిది. ఈ బేరంలో ఎంత కచ్చితమైన అంకె చూపించినా అతను రెండో బస్తా తాడు విప్పుతాడు. మేధావులు దీన్ని అవగాహన లోపం అంటారు. నాకది చక్కటి అంకగణితంలా కనిపిస్తుంది.

లెక్కలు రాసుకునేవాళ్లకు మాత్రం గిరాకీ తగ్గలేదు. 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం గోధుమ 111.32 మిలియన్ టన్నులు వస్తుందని అంచనా ప్రకటించింది. మార్చి వచ్చింది. 1901 నుంచి రికార్డుల్లో అంత వేడి మార్చి లేదు. పాలు పోసుకునే దశలో వేడి తగిలితే గోధుమ తొందరపడి పండిపోతుంది. ఆకు ఆకుపచ్చ వదిలేసి, గింజ నిండకుండానే గట్టిపడుతుంది. మే 13న ఎగుమతుల నిషేధం వచ్చింది. ఆ నెలలోనే అంచనా 106.41కి దిగింది. పచ్చదనం ఎంతుందో చెప్పే సెన్సర్, ఆ పచ్చదనం ఎంతకాలం నిలిచిందో కూడా చెబితేనే గింజ బరువు తెలుస్తుందని ఆ ఏడాది అందరికీ అర్థమైంది. కొత్త రకాల వేటలో పూసావాళ్లు చూస్తున్నదీ ఇదే. 2017 అక్టోబర్ 11న ప్రధాని ప్రారంభించిన నానాజీ దేశ్‌ముఖ్ ఫినోమిక్స్ కేంద్రంలో కుండీలు వాటంతటవే పట్టాల మీద కదిలి కెమెరాల గదుల్లోకి వెళ్తాయి, ఎక్కువ రోజులు పచ్చగా నిలిచే మొక్క ఏదో అక్కడ తేలుతుంది. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో అయితే మొక్కలు కదలవు, 2014 నుంచి లేజర్ సెన్సరే వాటి మీదుగా తిరుగుతోంది. ఆకు విస్తీర్ణం పెరగడాన్ని అలా కొలుస్తారు.

డ్రోన్ల గురించి పేపర్లు చాలా రాస్తున్నాయి కాబట్టి ఇక్కడ అవసరం లేదు. వాటి కింద వేలాడే కెమెరా కొలిచేదీ అదే ఎరుపు, అదే పరారుణం. 2015 నుంచి యూరప్ సెంటినెల్-2 ఉపగ్రహాలు పది మీటర్ల చుక్కతో, ఎర్ర అంచును ఇరవై మీటర్ల చుక్కతో కలుపుకుని, ఉచితంగా చిత్రాలిస్తున్నాయి. ఐఆర్ఎస్-1ఏ ఒక్క చుక్కగా చూసిన మీరట్ చేను ఇప్పుడు యాభై చుక్కలు దాటుతుంది.

2023 నుంచి ఈ అంకె రైతు జేబు దాకా వచ్చింది, యూరియా దారిన కాకుండా బీమా దారిన. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ‘యెస్-టెక్’ పేరుతో, వరి, గోధుమ దిగుబడి నిర్ణయంలో దూరసంవేదన అంచనాకు కనీసం 30 శాతం బరువు ఇచ్చారు. మిగతాది పాత కోత ప్రయోగానిది. తాడు కట్టకుండానే కట్టామని రాసే రోజులు తగ్గుతాయని, పరిహారం తొందరగా వస్తుందని ప్రభుత్వం ఆశ. అయితే బీమా లెక్కకు ప్రధాన పంటల్లో యూనిట్ గ్రామం లేదా పంచాయతీ. పది మీటర్ల చుక్కలన్నీ అక్కడికి వెళ్లేసరికి ఒకే సగటు అవుతాయి. ఊరి చేలన్నీ 0.8 దగ్గర నిగనిగలాడుతూ, నీరందని ఒక్క మూల చేను 0.4 దగ్గర ఎండుతున్నా, ఆ మూల చేనును ఉపగ్రహం చూస్తుంది, గుర్తిస్తుంది, పరిహారం మాత్రం ఊరి అంకెను బట్టే వస్తుంది.